సంక్రాంతి సెలవుల తర్వాత ఇల్లు మళ్ళీ గాడిన పడాలంటే: కనుమ నుంచి రథసప్తమి దాకా వరసగా చెయ్యాల్సిన పనులు

ప్రతి జనవరిలో కనుమ దాటగానే ఇవే ప్రశ్నలు వస్తాయి. పిల్లోడు పొద్దున లేవడం లేదు, ఏం చెయ్యాలి? అరిసెలు ఇంకా రెండు డబ్బాలున్నాయి, ఎన్నాళ్ళు నిలవుంటాయి? వంటింట్లోకి పోబుద్ధి కావడం లేదు, అందరికీ ఇట్టానే ఉంటుందా? ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకే చోట రాస్తున్నాను.

ఇందులో వరసే ముఖ్యం. చాలామంది ఊరి నుంచి రాగానే ఇల్లు కడుగుతారు, బట్టల కుప్ప ముందేసుకుంటారు, ఖర్చుల లెక్క తీస్తారు. నిద్ర సంగతి చివరికి వదిలేస్తారు. నేను తిరగేసి చెప్తాను: ముందు లేచే టైము, దాని వెనక వంట, ఆ తర్వాత బడి సంచి, డబ్బు. ఇల్లు తుడవడం అన్నిటికన్నా చివర. ఒళ్ళు కుదురుకుంటే మిగతా పనులకి ఓపిక అదే వస్తుంది.

గడువు కూడా ఒకటి పెట్టుకోండి. నేను రథసప్తమిని పెట్టుకుంటాను. 2026లో అది జనవరి 25, అంటే బడులు తెరిచాక వారం. కొన్నేళ్ళు ఫిబ్రవరి దాకా పోతుంది, అప్పుడు బడి తెరిచిన రోజు నుంచి పది రోజులు లెక్కేసుకోండి.

## 1. తిరుగు ప్రయాణం: మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి

మన దగ్గర సంక్రాంతి సెలవులు 10వ తేదీ ప్రాంతంలో మొదలై 18, 19 దాకా ఉంటాయి. అందరూ ఆఖరి ఆదివారం రాత్రికే బయల్దేరతారు. ఆ ఒక్క పనితో వారమంతా పాడవుతుంది.

మా పుట్టిల్లు పొదిలి పక్కన పల్లె. నేనుండేది నెల్లూరు. ఒక ఏడు అమ్మ ఉండమన్నదని ఆదివారం రాత్రి దాకా ఉండిపోయి, దొరికిన బస్సుల్లో మారి మారి తెల్లవారుజామున మూడున్నరకి ఇల్లు చేరాం. ఏడున్నరకి బాబుని బడికి పంపించాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతా వచ్చాడు. మంగళ, బుధ రెండు రోజులూ బడి పోయింది. ఒక్క పూట ఎక్కువ ఉందామని రెండు రోజులు పోగొట్టుకున్నాం. అప్పటి నుంచి బడికి, ప్రయాణానికి మధ్య ఒక పగలూ ఒక రాత్రీ సొంతింట్లో గడపడం మానలేదు.

- రైలైతే: రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 17, 18 టికెట్లు కావాలంటే నవంబరు మూడో వారంలో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పినాకిని, సింహపురి లాంటి బండ్లలో పండగ తిరుగు టికెట్లు చివర్లో దొరకవు.
- తత్కాల్ మీద ఆధారపడితే: రైలు బయల్దేరే ముందు రోజు ఏసీ బోగీలకి పొద్దున 10కి, స్లీపర్‌కి 11కి. ఆన్‌లైన్‌లో చెయ్యాలంటే ఖాతాకి ఆధార్ ముందే కలిపి ఉండాలి. ఆ పొద్దున కలుపుదామంటే కుదరదు.
- కారైతే: 16వ నంబరు హైవే మీద జనవరిలో తెల్లవారుజామున మంచు పడుతుంది. ఎండ వచ్చాక, ఎనిమిది దాటాక బయల్దేరండి. టంగుటూరు, ముసునూరు, వెంకటాచలం టోల్‌గేట్ల దగ్గర ఆగిపోకుండా ఫాస్టాగ్‌లో డబ్బులు ముందు రోజే చూసుకోండి.

ఖాళీ రోజు ఎట్టాగూ కుదరదంటే, మొదటి రోజు పిల్లల్ని బడికి పంపకండి. ముందే టీచరుకి ఫోన్ చేసి చెప్పండి. పదో తరగతి పిల్లలకైనా నేను ఇదే చెప్తాను.

## 2. ఊళ్ళో సంచులు కట్టేటప్పుడు

అమ్మలు, అత్తలు ఇచ్చేది కాదనలేం. కానీ ఏ సంచిలో ఏం పెడుతున్నామో మనమే చూసుకోవాలి. ఇల్లు చేరాక అన్నీ ఒకేసారి విప్పే ఓపిక ఉండదు.

మూడు మూటలుగా కట్టండి. ఒకటి, చేరగానే విప్పాల్సింది: పాలు, పెరుగు, కూరలు, మందులు, ఫోన్ ఛార్జర్లు, పిల్లల యూనిఫాం. రెండోది మర్నాటి దాకా ఆగేది: పిండివంటలు, బియ్యం, కందిపప్పు, పచ్చళ్ళు. మూడోది మాసిన బట్టలు. దీని మీద మాత్రం గుర్తు వేసి తలుపు పక్కనే వదిలెయ్యండి.

మాంసం కూర, చేపల పులుసు కట్టించుకుంటే బయల్దేరే ముందు పొంగేలా కాచి, చల్లారాక గట్టి మూత డబ్బాలో పెట్టండి. ప్రయాణం రెండు గంటలు దాటితే ఐసు పెట్టిన పెట్టెలో తప్ప తీసుకురావద్దు. పులుసులో చింతపండు ఉంది కదా, ఏం కాదులే అనుకుంటాం. చేపల పులుసుకి రెండోరోజు రుచి పెరిగే మాట నిజమే గానీ, అది చల్లగా దాచిన పులుసు సంగతి. ఎండలో కారు డిక్కీలో కూర్చున్న పులుసుకి ఆ మాట వర్తించదు.

## 3. తలుపు తీసిన మొదటి గంట

వారం మూసిన ఇంట్లో ఈ వరసలో చెయ్యండి. ఇవి అయ్యే దాకా ఎవరూ మంచం ఎక్కొద్దు.

- కిటికీలన్నీ తెరవండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా ముందు సిలిండర్ కట్టెయ్యండి.
- ప్రతి కొళాయీ రెండు నిమిషాలు వదలండి. పైపుల్లో నిలవున్న నీళ్ళు పోవాలి.
- బకెట్లు, కూలర్ తొట్టి, పూలకుండీల కింద పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే. వీటిలో నీళ్ళుంటే పారబోసి గిన్నెల్ని రుద్ది కడగండి. దోమ గుడ్డు పెద్ద దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. మీరు సరిగ్గా అన్నాళ్ళే ఇంట్లో లేరు.
- ఫ్రిజ్ తెరిచి వాసన చూడండి. కరెంటు చాలాసేపు పోయిందని తెలిస్తే పాలు, మాంసం, వండిన కూరలు ఉంచుకోవద్దు.
- పాలాయనకి, నీళ్ళ క్యాన్లు వేసే అబ్బాయికి, పేపర్ అబ్బాయికి, పనమ్మాయికి ఫోన్ చెయ్యండి.
- దుప్పట్లు మార్చండి. ఆ ఒక్కటి మార్చినా రాత్రి నిద్ర బాగా పడుతుంది.

ఇల్లు కడగడం, అల్మారాలు సర్దడం ఇవాళ వద్దు.

## 4. లేచే టైము ముందు, పడుకునే టైము తర్వాత

దీన్ని నిదానంగా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఊళ్ళో రాత్రి పన్నెండు దాకా మాటలు, పేకాట, సినిమాలు. పొద్దున ఎనిమిదిన్నరకి లేవడం. భోగి నాడు మాత్రం నాలుగింటికే మంట దగ్గరికి. ఇట్టా వారం నడిస్తే ఒంట్లో గడియారం రెండు గంటలు వెనక్కి పోతుంది. దాన్ని ఒక్క రాత్రిలో ముందుకు తిప్పలేం. తొమ్మిదింటికే లైట్లు ఆర్పి పిల్లల్ని పడుకోమంటే పదకొండు దాకా దొర్లుతారు, మనం అరుస్తాం, వాళ్ళు ఏడుస్తారు. నిద్ర రాని పిల్లని పడుకోబెట్టడం మన చేతిలో లేదు. పొద్దున లేపడం మాత్రం మన చేతిలో ఉంది. కాబట్టి అక్కడ మొదలుపెట్టండి.

రోజుకి అరగంట చొప్పున ముందుకు జరపండి. బడికి ఆరింటికి లేవాలి, ఇప్పుడు ఎనిమిదిన్నరకి లేస్తున్నారు అనుకుందాం. కనుమ మర్నాడు ఎనిమిది. ఆ తర్వాత ఏడున్నర, ఏడు. బడి తెరిచిన రోజు ఆరున్నర. ఆ రోజుకి స్నానం తప్ప మిగతావన్నీ రాత్రే తయారు పెట్టుకుంటే ఆరున్నర సరిపోతుంది. మర్నాడు ఆరుంబావు, ఆ మర్నాడు ఆరు. ఊళ్ళో ఉండగానే మొదలుపెట్టగలిగితే ఇంకా తేలిక.

రెండో ఉపాయం వెలుతురు. జనవరిలో మన వైపు సూర్యోదయం ఆరున్నర దాటాకే. అంటే పిల్లలు లేచేసరికి ఇంకా చీకటే ఉంటుంది, ఒళ్ళు అది రాత్రే అనుకుంటుంది. లేపగానే గదిలో లైట్లన్నీ వెయ్యండి. ఆరూముప్పావు అయ్యేసరికి పాల గ్లాసు చేతికిచ్చి మిద్దె మీదికో వాకిట్లోకో పంపండి. పది, పదిహేను నిమిషాలు ఎండ మొహాన పడితే చాలు, ఆ రాత్రి నిద్ర ముందుగా వస్తుంది. మా పాప రెండో రోజు మిద్దె మీద శాలువా కప్పుకొని, గోడకి ఆనుకొని, కళ్ళు మూసుకొనే పాలు తాగుతుంది. నాలుగో రోజుకి కింద రోడ్డు మీద పూలమ్మ బండి ఎప్పుడొస్తుందా అని తొంగి చూస్తా ఉంటుంది. అది చూశానంటే ఈ వారం గడిచిందని నాకు ధైర్యం.

ఎంత నిద్ర కావాలి అని అడుగుతుంటారు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిదేళ్ళ దాకా 8 నుంచి 10, పెద్దవాళ్ళకి కనీసం 7. ఆరింటికి లేవాల్సిన పదేళ్ళ పిల్ల తొమ్మిదికల్లా పడుకోవాలి. మీ ఇంట్లో ఎంత తక్కువ పడుతోందో మీరే లెక్కేసుకోండి.

- మధ్యాహ్నం నిద్ర: తప్పకపోతే 20 నిమిషాలు, అదీ మూడు లోపే.
- కాఫీ, టీ: మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది.
- ఫోన్, టీవీ: పడుకునే గంట ముందు ఆపండి. పెద్దవాళ్ళది కూడా. మన చేతిలో ఫోన్ ఉంచుకొని పిల్లలకి చెప్తే వినరు.
- ఆదివారం: మొదటి రెండు ఆదివారాలు కూడా అదే టైముకి లేపండి. ఇక్కడే చాలా ఇళ్ళలో చేసిందంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

## 5. వంటిల్లు: పండగ రుచి నుంచి రోజూ రుచికి

మొదటి తప్పు మొదటి పూటే జరుగుతుంది. సాయంత్రం చేరి, పప్పు నానబోసి, రాత్రి రుబ్బి, పొద్దున ఇడ్లీ అనుకుంటాం. చలికాలం మన వైపు రాత్రుళ్ళు 20 డిగ్రీల దాకా దిగుతుంది. ఎండాకాలం ఏడెనిమిది గంటల్లో పొంగే పిండి ఇప్పుడు పన్నెండు గంటలైనా పొంగదు. పొద్దున చూస్తే గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, ఇడ్లీ రాయిలా వస్తుంది, ఇంట్లో అందరికీ చిరాకు.

మొదటి రెండు పొద్దుళ్ళకి ఉప్మా, అటుకులు, బొరుగుల తిరగమాత చాలు. పిండి మూడో రోజుకి. పప్పుతో పాటు అర చెంచా మెంతులు నానబెట్టండి, చేత్తో బాగా కలపండి, ఉప్పు వేసి కలిపాక గిన్నెని దుప్పటి చుట్టి పొయ్యి పక్కన గానీ, వేడి చెయ్యకుండా లోపలి లైటు మాత్రం వేసి ఉంచిన ఓవెన్‌లో గానీ పెట్టండి. సాయంత్రం ఐదింటికల్లా రుబ్బితే పొద్దునకి అందుతుంది.

మధ్యాహ్నానికి, రాత్రికి ఐదు రోజులు ఇట్టా పెట్టుకోండి:

- మొదటి రోజు: మిరియాల చారు, పెరుగన్నం. అంతే.
- రెండో రోజు: పెసరపప్పు, బీరకాయ కూర.
- మూడో రోజు: రాగి సంగటి, ఆకుకూర పప్పు. పిల్లలకి ఇష్టం లేకపోతే చిన్న ముద్ద.
- నాలుగో రోజు: పప్పుచారు, చిక్కుడుకాయ వేపుడు. ఈ నెలలో చిక్కుళ్ళు లేతగా దొరుకుతాయి.
- ఐదో రోజు: కోరికుంటే చేప. అప్పటికి నోరు కుదుటపడి ఉంటుంది, కడుపు కూడా.

లంఖణాలు చెయ్యొద్దు. పండగ తిండికి శిక్షలాగా ఒక రోజంతా తినకుండా ఉండి, రాత్రి ఆకలికి డబ్బా తెరిచి పది మురుకులు తింటారు. షుగర్ మందులు వాడేవాళ్ళు పస్తులుంటే ఏకంగా ప్రమాదమే. ఉన్నట్టుండి షుగర్ పడిపోతుంది.

### అరిసెలు, మురుకులు ఏం చెయ్యాలి

ఒక్కో డబ్బా తెరిచి, పళ్ళెంలో ఒంపి చూడండి. మా ఇంట్లో ఒకసారి డబ్బా పైవరస అరిసెలు బంగారంలా ఉన్నాయి. అడుగున పరిచిన కాగితం నూనెకి తడిసి, దానికి అంటుకున్న నాలుగు అరిసెల అంచుల మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంది. బియ్యప్పిండేమో అనుకున్నా. వేలితో తీస్తే దూదిలా లేచింది. బూజు.

బూజు ఒక పక్కే కనబడినా ఆ అరిసె మొత్తం పారెయ్యండి, దానికి తగిలినవి కూడా. తుడిచి, వేడి చేసి తినే పని పెట్టుకోవద్దు. తడి పిండితో చేసిన వంట కాబట్టి లోపల తేమ ఉంటుంది. బాగా ఒత్తి, చల్లారాక గాలి తగలని స్టీలు డబ్బాలో పెట్టిన అరిసెలు రెండు మూడు వారాలు నిలవుంటాయి. తడి చెయ్యి ఒక్కసారి పడితే ఆ లెక్క చెల్లదు.

మురుకులు, చెక్కల సంగతి వేరు. అవి బూజు పట్టవు, నూనె చెడి కంపు కొడతాయి. ఒక ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. పాత నూనె వాసన, నాలుక మీద చేదు తగిలితే వదిలెయ్యండి. మెత్తబడినవైతే పారెయ్యక్కర్లేదు. సన్నని సెగ మీద మూకుడులో నూనె లేకుండా ఐదు నిమిషాలు వేడి చేసి ఆరబెడితే మళ్ళీ కరకరలాడతాయి.

మిగిలిన వాటిని పెద్ద డబ్బాలో టేబుల్ మీద పెట్టొద్దు. నాలుగు చిన్న పొట్లాలు కట్టి పై అరలో పెట్టి, బడి నుంచి వచ్చాక ఒక్కొక్కటి ఇవ్వండి. రెండు డబ్బాలకి మించి ఉంటే పంచెయ్యండి: ఆఫీసులో, పక్కింట్లో, పనమ్మాయి పిల్లలకి. బాగున్నప్పుడే ఇవ్వాలి. మనం తినలేనిది ఇంకొకరి చేతిలో పెట్టకూడదు.

పిండివంటల నూనె: మిగిలింది వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడేసెయ్యండి. నల్లబడినా, నురుగు కట్టినా, వేడి చెయ్యగానే పొగ వచ్చినా ఇక వాడొద్దు. సింకులో పొయ్యొద్దు, చల్లారాక పాత సీసాలో పోసి చెత్త బండికి ఇవ్వండి.

## 6. బడి సంచి

ముందు రోజు మధ్యాహ్నం, రాత్రి కాదు, ఇవి చూడండి. మధ్యాహ్నమైతే షాపులు తెరిచి ఉంటాయి.

- యూనిఫాం వేసి చూడండి. జనవరిలో ప్యాంటు పొట్టి అవుతుంది, బూటు బిగుస్తుంది.
- హోంవర్కు మిగిలి ఉంటే మొత్తం చెయ్యించకండి. మొదటి పీరియడ్ టీచరుది ఒక్కటి పూర్తి చేయించి, మిగతాది ఏ రోజు ఇస్తారో పిల్లల చేతే ఒక చీటీ రాయించండి.
- ఆటో అతనికి ఫోన్. ఆయన కూడా ఊరికి పోయి ఉండొచ్చు.
- టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టండి. నెల మొదట్లో పెట్టిన అన్నం మెతుకు మూతలో ఉండిపోతుంది.

పొద్దున్నే కడుపునొప్పి అంటే అబద్ధం అనొద్దు. చాలామంది పిల్లలకి భయం కడుపులోనే తెలుస్తుంది. పక్కన కూర్చొని, "మొదటి రోజు నాకూ అట్టానే ఉండేది నాన్నా, ఇంటర్వెల్ దాకా కూర్చో, తగ్గకపోతే ఫోన్ చేయించు, నేనొస్తా" అని చెప్పి పంపండి. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉంటే మాత్రం ఇంట్లో ఉంచి డాక్టరుకి చూపించండి. పండగ కూరలతో అది నిజమైన నొప్పే అయ్యుండొచ్చు.

పదో తరగతి, ఇంటర్ పిల్లలకి ఈ వారం బరువుగా ఉంటుంది. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 1న, పదోతరగతివి మార్చి 17న మొదలయ్యాయి. ప్రతి ఏడూ కాస్త అటూ ఇటూగా అప్పుడే. సంక్రాంతి నుంచి చూస్తే చేతిలో ఆరు నుంచి తొమ్మిది వారాలు. పండక్కి పోయిన రోజుల్ని ఇప్పుడు రాత్రి రెండు దాకా చదివించి రాబట్టాలని చూడొద్దు. మొదటి మూడు రోజులు చదివింది తిరగేయడమే పని, కొత్త పాఠం వద్దు. నాలుగో రోజు నుంచి పూర్తి టైంటేబుల్.

హాస్టల్ పిల్లల్ని దింపేటప్పుడు గేటు దగ్గర మార్కుల మాట ఎత్తకండి. ఆ పిల్లలు వారం రోజులు అమ్మ చేతి ముద్ద తిని వెళ్తున్నారు. లోపలికి పోయాక మంచం సర్ది, దుప్పటి పరిచి, ఫోన్ ఏ రోజు ఏ టైముకి వస్తుందో చెప్పి రండి. చెప్పిన టైముకి ఫోన్ తప్పకుండా చెయ్యండి. మొదటి రెండు ఫోన్లలో ఏడిస్తే ఏడవనివ్వండి. తినడం మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, బతకాలని లేదనే మాట ఏ రూపంలో అన్నా, పరీక్షలు చూడకుండా వెళ్ళి తీసుకొచ్చేయండి. మనసు గురించి మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

## 7. డబ్బు: ఒక సాయంత్రం, ఒక కాగితం

బడి తెరిచిన మూడో రోజు సాయంత్రం కూర్చోండి. అంతకు ముందు కూర్చుంటే గొడవ పడతారు.

కాగితం మీద మూడు వరసలు: ఇచ్చేసినవి, ఇవ్వాల్సినవి, రావాల్సినవి. ఇవ్వాల్సిన వాటిలో చీటీ, పొదుపు సంఘం కంతు, ఫీజు ముందు. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టే దారి చూడండి. కనీస మొత్తం కట్టి వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకి 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. బట్టల షాపుకి బాకీ ఉంటే ఒకసారి వెళ్ళి ఏ తేదీకి ఇస్తారో చెప్పి రండి. చెప్పకుండా తప్పించుకు తిరగడమే మాట పోవడానికి మొదలు.

## 8. పొలం, గుంటలు, బ్యారన్ ఉన్నవాళ్ళకి

వీళ్ళకి పండగ మూడు రోజులే సెలవు, అదీ సగమే.

- వరి: డిసెంబరు ఆఖర్లో నాట్లు పడినవి పండగ తర్వాత పిలకలు వేసే దశలో ఉంటాయి. నాటిన 20, 25 రోజులకి కలుపు తీసి, నీళ్ళు పలచగా ఉంచి యూరియా వెయ్యాలి. కూలీలు ఊళ్ళ నుంచి తిరిగి రాలేదని వారం జరిపితే పిలకలు తగ్గుతాయి. పండక్కి ముందే మనిషిని మాట్లాడుకోండి.
- రొయ్యల గుంటలు: చలికి రొయ్య మేత తక్కువ తీసుకుంటుంది. పండగ రోజుల్లో ఇంకొకరికి అప్పగించి ఉంటే వచ్చిన పూటే చెక్‌ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) ఎత్తి చూసి, మిగిలిన మేతని బట్టి తగ్గించండి.
- పొగాకు: ఆకు రెలిచి (కోసి) బ్యారన్‌కి, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టానికి, ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ వేడి చూస్తూ ఉండాలి. పైన చెప్పిన నిద్ర లెక్క మీకు కుదరదు. ఇద్దరు మనుషులు వంతులు వేసుకొని, ఒక్కొక్కరికి ఆరు గంటలైనా తెగని నిద్ర ఉండేలా చూసుకోండి. కునుకు పడుతూ బ్యారన్ దగ్గర ఒంటరిగా ఉండొద్దు.

## 9. ఊళ్ళో మిగిలిన అమ్మానాన్నలు

మనం గాడిన పడటం గురించే మాట్లాడుకుంటాం. కారు మలుపు తిరిగాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించం.

మా అమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించదని పక్కింటి పిన్ని చెప్తే తెలిసింది నాకు. పది మందికి వండిన చేతికి ఒక్కరికి వండబుద్ధి కాదు. మిగిలిన మురుకులు, అరిసెలు, చల్లటి పులిహోర. ఆమెకి షుగర్ ఉంది. పారెయ్యడానికి చెయ్యి రాక తింటుంది.

కాబట్టి బయల్దేరే ముందు ఇవి చెయ్యండి:

- మిగిలిన వంటలు మీరే పంచండి లేదా తీసుకెళ్ళండి. ఇంట్లో రెండు పూటలకి సరిపడేదే ఉంచండి.
- బీపీ, షుగర్ మందుల అట్టలు తీసి మాత్రలు లెక్కపెట్టండి. పండగ రోజుల్లో ఎన్ని మర్చిపోయారో అక్కడే తెలుస్తుంది. నెలకి సరిపడా కొని పెట్టండి.
- వెళ్ళిన వారం తర్వాత పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకోమని చెప్పి, ఎవరు తీసుకెళ్తారో కూడా మాట్లాడి పెట్టండి.
- మీరు చేరిన రాత్రే ఫోన్ చెయ్యండి. తర్వాత వారం రోజులు ఒకే టైముకి. "తిన్నావా" అని అడిగితే తిన్నాననే అంటారు. "ఏం వండావు" అని అడగండి.
- మంచాలు మడవడం, పెద్ద గిన్నెలు అటకెక్కించడం మీరుండగానే చేసెయ్యండి. ఆ బరువులు వాళ్ళు ఎత్తకూడదు.

## 10. అక్కడక్కడా తప్పిపోతే

నాలుగు రోజులైనా పిల్లలు పదకొండు దాకా పడుకోవడం లేదు. మధ్యాహ్నం బడి బస్సులో నిద్రపోతున్నారేమో కనుక్కోండి. సాయంత్రం గంట సేపు బయట ఆడించండి. లేపే టైము మాత్రం వెనక్కి జరపొద్దు.

ఆఫీసులో పని ముందుకు కదలడం లేదు. మొదటి రోజు ఉత్తరాలు, మెయిళ్ళు అన్నీ చదివేసి జవాబులు రాయాలని కూర్చోకండి. ఇవాళ ఆగనివి మూడు తీసి, పొద్దున పూటే పూర్తి చెయ్యండి. మీటింగులు రెండో రోజుకి అడగండి.

ఇల్లంతా చిందరవందరగా ఉంది, చూస్తే ఏడుపొస్తోంది. ఒక్క వంటగట్టు మాత్రం శుభ్రం చెయ్యండి. బట్టలు రోజుకి ఒక విడత. పట్టుచీరలు మడిచి బీరువాలో పెట్టేయకుండా, చెమట ఆరేలా ఒక పూట నీడలో దండెం మీద వెయ్యండి.

దిగులుగా ఉంది. మూడు నాలుగు రోజులు ఉంటుంది, అందరికీ ఉంటుంది. ఊళ్ళో వాళ్ళకి ఒక ఫోను, సాయంత్రం నడక. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే డాక్టరుతో మాట్లాడండి. అది పండగ దిగులు కాకపోవచ్చు.

## 11. రథసప్తమికి

ఆ రోజు సూర్యోదయానికే స్నానం చెయ్యాలి కాబట్టి, ఇంట్లో అందరూ ఆరుకల్లా అరుపులు లేకుండా లేచారా లేదా అన్నది అప్పుడే తేలిపోతుంది. ముందు రోజు ఇవి సిద్ధం పెట్టుకోండి.

- పరమాన్నం వండే పొయ్యికి, ధనుర్మాసంలో గొబ్బెమ్మల్ని తట్టి ఎండబెట్టిన పిడకలు. ఏటి పండగ నాడు పెన్నలో కలిపేసిన వాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర నాలుగు అడిగి తెచ్చుకోండి. ఈ వారం మళ్ళీ ఎండలో పెట్టాలి. చలికి తేమ పట్టిన పిడక పొగ పెడుతుంది గానీ అంటుకోదు.
- ఒక్కొక్కరికి ఏడు జిల్లేడు ఆకులు, రేగుపళ్ళు. ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడితే చాలా మంట. పెద్దవాళ్ళే కోసి, కాడలు కడిగి, పిల్లలకి చేతికివ్వకుండా తల మీద మీరే పెట్టండి.
- చిక్కుడాకులు పెద్దవి, చిరగనివి. పరమాన్నం వాటి మీద పెట్టాలి. రథం చెయ్యడానికి చిక్కుడుకాయలు, చీపురుపుల్లలు.
- పాలు, కొత్త బియ్యం, బెల్లం. బెల్లం పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి. అన్నం మెత్తగా ఉడికి, గిన్నె దించి, కాస్త చల్లారాకే వెయ్యండి.

పిల్లల్ని నిద్ర లేపాక పిడకల మంటని విసనకర్రతో విసరమని వాళ్ళకే చెప్పండి.